ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాకౌట్ టోర్నీ అయిన ఎఫ్‌ఏ కప్ గెలిచిన జట్టు అదే సీజన్‌లో కింది డివిజన్‌కి ఎలా పడిపోయింది?

ఇది 2012–13లో విగాన్ అథ్లెటిక్ సంగతి. కప్పు వేరు, లీగ్ వేరు. కప్పులో ఓడితే ఇంటికే. లీగ్‌లో 38 మ్యాచ్‌ల పాయింట్లూ లెక్కకొస్తాయి.

2013 మే 11న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో కప్పు ఫైనల్. అవతల డబ్బుకు కొదవలేని మాంచెస్టర్ సిటీ. 84వ నిమిషంలో సిటీ ఆటగాడు జబలేటాకు రెడ్ కార్డ్. ఇంజురీ టైమ్‌లో (90 నిమిషాల తర్వాత కలిపే సమయంలో) విగాన్ ఆటగాడు మలోనీ కార్నర్ కొట్టగా, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన బెన్ వాట్సన్ తలతో బంతిని గోల్‌లోకి మళ్లించాడు. 1–0! అంతకుముందు నవంబర్‌లో కాలు విరిగి నెలల తరబడి ఆటకు దూరమైనవాడు అతనే.

మూడు రోజులకే ఆర్సెనల్ చేతిలో 4–1తో ఓడి ఇంగ్లండ్ టాప్ డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయారు. ఒకే సీజన్‌లో ఈ రెండూ చూసిన మొదటి జట్టు అదే. కప్పు పుణ్యమా అని యూరప్ క్లబ్‌ల టోర్నీ యూరోపా లీగ్‌లో చోటు మాత్రం దక్కింది.