ఫైలు సైజును నమ్ముకోకు

తమ్ముడూ,

నువ్వు పంపిన సీ ప్రోగ్రామ్ చదివాను. ఫైలు మొత్తాన్ని మెమరీలోకి తెచ్చే ఫంక్షన్ ఒక్కటి తిరగరాయి. ఎఫ్‌సీక్‌తో ఫైలు చివరికి వెళ్లి, ఎన్నో బైటు దగ్గర ఉన్నామో చెప్పే ఎఫ్‌టెల్‌ని సైజు అడిగి, స్ట్రింగ్ ముగిసిందని చెప్పే సున్నా బైటు కోసం అంతకు ఒకటి కలిపి, మాలాక్‌తో అంత మెమరీ తీసుకుని, ఒక్క ఎఫ్‌రీడ్‌తో అంతా చదివి ముగించావు. చాలామంది ఇలాగే రాస్తారు. చాలాసార్లు పనిచేస్తుంది కూడా, అందుకే ఈ అలవాటు పోదు.

ఇప్పుడు దానికి ఫైలు బదులు పైపు, అంటే ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఇంకో ప్రోగ్రామ్‌కి అందించే దారి, ఇచ్చి చూడు. ఎఫ్‌సీక్ ఫెయిలవుతుంది, ఎఫ్‌టెల్ మైనస్ ఒకటి ఇస్తుంది. దానికి ఒకటి కలిపితే మాలాక్‌కి వెళ్లేది సున్నా. అదే మైనస్ ఒకటి ఎఫ్‌రీడ్ చేతికి వెళ్లేసరికి అన్‌సైన్డ్‌గా, అంటే మైనస్ గుర్తు లేని సంఖ్యగా మారి, ఊహకందనంత పెద్ద సంఖ్య అవుతుంది. లేని చోట రాసుకుంటూ పోతుంది! లినక్స్‌లో సిస్టమ్ సమాచారాన్ని ఫైళ్లలా చూపించే ప్రాక్ డైరెక్టరీ కింద ఉన్నవైతే సైజు సున్నా అని చూపిస్తూనే బోలెడంత సమాచారం ఇస్తాయి. విండోస్‌లో టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే లైను చివరి రెండు బైట్లు ఒకటైపోతాయి కాబట్టి, చెప్పిన సైజుకన్నా తక్కువే చేతికొస్తుంది. నువ్వు ముగింపు సున్నాని సైజు దగ్గర పెట్టావు. మధ్యలో మిగిలిందంతా చెత్తే. ఎఫ్‌టెల్ సైజుని లాంగ్ అనే పూర్ణాంక రకంలో ఇస్తుంది; విండోస్‌లో 64 బిట్ల మెషీన్‌లో కూడా అది 32 బిట్లే, 2 జీబీ దాటితే ఆ అంకెకి అర్థమే లేదు.

కాబట్టి సైజు అడగడం మానెయ్. చదివింది దాచుకోవడానికి 64 కేబీ మెమరీ బఫర్‌తో మొదలుపెట్టి ఎఫ్‌రీడ్ ఇచ్చినంత తీసుకో, నిండితే రీఆలాక్‌తో రెట్టింపు చెయ్. రీఆలాక్ ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లో వేయకు. అది మెమరీ దొరక్క నల్, అంటే ఖాళీ పాయింటర్, ఇచ్చిందంటే పాత చిరునామా పోతుంది, పాత మెమరీని ఫ్రీ చేసే దారే ఉండదు. పై హద్దు కూడా ఒకటి పెట్టుకో. కాన్ఫిగ్ ఫైలుకి 16 ఎంబీ దాటాల్సిన పనేముంది? ముగింపు సున్నాకి ఎప్పుడూ ఒక బైటు మిగుల్చు.

పాయింటర్‌తో పాటు పొడవునీ తిరిగివ్వు. ఫైలు మధ్యలో సున్నా బైటు ఉంటే స్ట్రింగ్ పొడవు లెక్కపెట్టే ఎస్‌టీఆర్‌లెన్ అక్కడే ఆగిపోతుంది. ఆ పొడవు బైట్లదే, అక్షరాలది కాదు. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన ‘అమ్మ’కి 12 బైట్లు.

ఎఫ్‌రీడ్ తక్కువ ఇచ్చిన ప్రతిసారీ ఫైలు అయిపోయిందనుకోకు, చదవడంలో తప్పు జరిగిందేమో ఎఫ్‌ఎర్రర్‌ని అడుగు. లినక్స్‌లో ఒక డైరెక్టరీ పేరు ఇచ్చి చూడు: చదవడానికైతే ఎఫ్‌ఓపెన్ హాయిగా తెరుస్తుంది, ఎఫ్‌రీడ్ దగ్గర తప్పుతుంది. నీ ఫంక్షన్ దాన్ని ఖాళీ ఫైలు అంటుందో, ఎర్రర్ అంటుందో చూసి కొత్త కోడ్ పంపు.

మీ అన్న