ఎలక్ట్రోకెటాలిసిస్ చదువుతానంటున్న అమ్మాయికి సీఎస్‌ఈ ఇప్పించాలా?

ప్రశ్న: మాది సంగారెడ్డి జిల్లా. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. పటాన్‌చెరు వైపు కంపెనీల నీళ్ల గురించి చదివి, కరెంటుతో ఆ నీళ్లు శుభ్రం చేసే, కాలుష్యం తగ్గించి కెమికల్స్ తయారుచేసే ఎలక్ట్రోకెటాలిసిస్ అనే చదువు చదువుతానంటోంది. మేమంతా సీఎస్‌ఈ అంటున్నాం. ఆ లైన్‌లో ఉద్యోగాలు ఉంటాయా సార్?

నమస్తే అండి. ఎలక్ట్రోకెటాలిసిస్ పేరుతో బీటెక్ బ్రాంచ్ కోసం వెతకకండి, ఆ పేరుతో ఉద్యోగ ప్రకటనలు కూడా పెద్దగా కనబడవు. మీ టెన్షన్ అక్కడే మొదలైందనుకుంటా. కానీ మీ అమ్మాయి చెప్పేది గాల్లో మాట కాదు. ఉప్పునీళ్లలోకి కరెంటు పంపి క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే ఫ్యాక్టరీలు మన దేశంలో ఎప్పట్నుంచో నడుస్తున్నాయి, వాటిలో టైటానియం పలక మీద వేసే రుథీనియం ఆక్సైడ్ పూతే ఉత్ప్రేరకం (తను ఖర్చు కాకుండా రసాయన చర్యని వేగం చేసే పదార్థం), అంటే ఎలక్ట్రోకెటలిస్ట్. నైలాన్‌కి కావలసిన అడిపోనైట్రైల్‌ని అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ 1960ల్లోనే కరెంటుతో తయారు చేసింది.

ఇప్పుడు అందరి దృష్టీ అమ్మోనియా మీద ఉంది. యూరియాకి అదే మూలం. దాన్ని 1913 నుంచి హేబర్-బాష్ పద్ధతిలోనే చేస్తున్నారు, 400 డిగ్రీలు దాటిన వేడి, వంద రెట్లకు మించిన వాతావరణ పీడనం, పైగా హైడ్రోజన్ కోసం సహజవాయువు. మరోవైపు ఎరువులు ఎక్కువై చాలాచోట్ల బోరు నీళ్లలో నైట్రేట్ చేరింది, మన తాగునీటి ప్రమాణం ప్రకారం అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. రాగి లాంటి ఎలక్ట్రోడ్ మీద ఆ నైట్రేట్‌కి ఎనిమిది ఎలక్ట్రాన్లు అందిస్తే అది అమ్మోనియా అవుతుంది. విషాన్ని తీసేసి పనికొచ్చే సరుకు చేయడమన్నమాట, పిల్లలకి నచ్చకపోతే ఆశ్చర్యం గానీ!

అయితే ఇక్కడున్న కష్టం కూడా తనకి తెలియాలి. బోరు నీళ్లలో నైట్రేట్ పలచగా ఉంటుంది, కాబట్టి మనం పంపిన కరెంటులో చాలా భాగం నీళ్లనే విడగొట్టి హైడ్రోజన్ చేసి పోతుంది. ఫార్మా నీళ్ల సంగతి ఇంకా జటిలం. పటాన్‌చెరులో కంపెనీల నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలోనే లీటరుకు 30 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. బోరాన్ కలిపిన వజ్రపు పూత ఎలక్ట్రోడ్లు అలాంటి మందుల్ని ముక్కలు చేయగలవు, కానీ నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే క్లోరేట్, పెర్‌క్లోరేట్ పుడతాయి, ఒక విషం పోయి ఇంకోటి వస్తుంది. అందుకే ల్యాబ్‌లో బీకరులో పనిచేసింది కంపెనీ ఈటీపీలో, అంటే వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటులో పనిచేయడానికి ఏళ్లు పడుతోంది. నా దృష్టిలో నిజమైన పని మిగిలింది ఇక్కడే, మనుషులు తక్కువున్నదీ ఇక్కడే.

ఇక చదువు. తనకి కొత్త ఉత్ప్రేరకం కనిపెట్టాలనుందా, ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు పంపే ఆ యూనిట్‌ని (సెల్ అంటారు) కట్టి నడపాలనుందా? కూర్చోబెట్టి అడగండి. మొదటిదైతే కెమిస్ట్రీ దారి: ఐసర్ తిరుపతి లాంటి కేంద్ర సైన్స్ విద్యాసంస్థలో డిగ్రీ, పీజీ కలిపి ఉండే బీఎస్-ఎంఎస్, లేదా మంచి కాలేజీలో బీఎస్సీ చేసి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎమ్మెస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ. పీహెచ్‌డీ లేకుండా ఈ దారిలో ముందుకెళ్లడం కష్టమండి, ఇంట్లో అందరూ ముందే ఒప్పుకోవాలి, మధ్యలో పెళ్లి మాట తెచ్చి ఆపించేలా ఉంటే ఇప్పుడే వద్దనండి. పీహెచ్‌డీ చేసేవాళ్లకి పరీక్ష పెట్టి ఇచ్చే సీఎస్ఐఆర్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకి 37,000 ఫెలోషిప్ ఉంటుంది, అదనంగా హెచ్‌ఆర్‌ఏ కూడా, కాబట్టి ఆ ఏళ్లు మీ మీద భారం కాదు.

రెండోదైతే కెమికల్ ఇంజనీరింగ్. ఎన్ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్, ఉస్మానియా టెక్నాలజీ కాలేజీ మీకు దగ్గరే. తమిళనాడు కారైకుడిలోని సెక్రి అనే సీఎస్ఐఆర్ సంస్థలో కెమికల్ అండ్ ఎలక్ట్రోకెమికల్ ఇంజనీరింగ్ పేరుతోనే బీటెక్ ఉంది, దాని అడ్మిషన్ పద్ధతి వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. నాలుగేళ్ల తర్వాత బ్యాటరీ కంపెనీలు, ఇందాక చెప్పిన క్లోరిన్, కాస్టిక్ సోడా (క్లోర్-ఆల్కలీ) ప్లాంట్లు, ఈటీపీ డిజైన్ చేసే సంస్థలు, హైడ్రోజన్ ప్రాజెక్టులు ఉన్నాయి. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్ లాంటి కరెంటుతో నీళ్లని విడగొట్టి తీసే హైడ్రోజన్) మిషన్ ఆమోదించింది, విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది, ఆ హైడ్రోజన్‌తో చేసే గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టు కాకినాడలో వస్తోంది. ఈ ప్రకటనలన్నీ రేపే ఉద్యోగాలైపోతాయని నేను చెప్పను. కానీ ఎలక్ట్రోకెమిస్ట్రీ గట్టిగా వచ్చినవాళ్లు ఒక్క రంగం మీదే ఆధారపడాల్సిన పని లేదు, అదే నాకు ధైర్యం. మొదటి జీతం సీఎస్‌ఈలో మంచి ప్లేస్‌మెంట్ వచ్చినవాళ్లకంటే తక్కువే ఉండొచ్చు, అది దాచకుండా తనకే చెప్పండి.

ఇంకోమాట, స్వభావం గురించి. గాలిలోని నైట్రోజన్‌ని కరెంటుతో అమ్మోనియా చేశామని ఎన్నో పేపర్లు వచ్చాయి. మనిషి ఊపిరిలో, గది గాలిలో ఉండే అమ్మోనియానే కొలిచి తమ ఉత్ప్రేరకం చేసిందనుకునే ప్రమాదం ఉందని, గట్టి పరీక్షలు చేయాల్సిందేనని 2019లో డెన్మార్క్, అమెరికా, బ్రిటన్ పరిశోధకులు కలిసి హెచ్చరించారు. ఉత్ప్రేరకం లేకుండా ఒకసారి, కరెంటు లేకుండా ఒకసారి, అదే ప్రయోగం విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చేసే ఓపిక మీ అమ్మాయికి ఉందా? ఇంటర్ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ రీడింగ్ తేడా వస్తే పక్కవాళ్లది చూసి రాసేస్తుందా, మళ్లీ చేస్తుందా, వాళ్ల కెమిస్ట్రీ లెక్చరర్‌ని అడగండి.

మళ్లీ చేస్తుందని ఆయన చెబితే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్లు కెమికల్‌వి పెట్టనివ్వండి, ఐసర్ పరీక్షకి కూడా అప్లై చేయించండి, సీఎస్‌ఈ ఆ తర్వాత ఉండనివ్వండి.