గ్యాస్ రవాణా ఒప్పందంలో ‘గరిష్ఠ రోజువారీ పరిమాణం’ అంటే రోజూ అంత పంపాలనా?

కాదు, పైప్‌లైన్ కంపెనీ మీ కోసం ఒక రోజులో మోయాల్సిన గ్యాస్‌కు అది పై హద్దు మాత్రమే. ఏ రోజుకు ఎంత పంపుతారో ముందుగా విడిగా చెప్పాలి, అది నామినేషన్. నిజంగా ఎంత అందిందో మీటరు చూపించేది మూడో అంకె.

చాలా ఒప్పందాల్లో ఈ లెక్క ఘనపు మీటర్లలో కాక ఎంఎంబీటీయూల్లో (పది లక్షల బ్రిటిష్ థర్మల్ యూనిట్లు ఒక ఎంఎంబీటీయూ), అంటే వేడి శక్తిలో ఉంటుంది. పీడనం, ఉష్ణోగ్రత మారితే అదే గ్యాస్ ఆక్రమించే చోటు మారుతుంది. మీథేన్, ఈథేన్ పాళ్లు మారితే అంతే చోటులోని గ్యాస్ ఇచ్చే వేడీ మారుతుంది.

హద్దు 10,000 ఎంఎంబీటీయూలు, నామినేషన్ 7,000, అందింది 6,900 అనుకుందాం. ఆ 100 తేడాను సాధారణంగా ఇంబ్యాలెన్స్ (చెప్పినదానికీ అందినదానికీ మధ్య తేడా) కింద రాస్తారు. ఇక బిల్లు 6,900కే వస్తుందనుకోవడం మామూలు పొరపాటు. ఫర్మ్ ఒప్పందమైతే, అంటే పైప్‌లైన్‌లో మీ కోసం చోటు కచ్చితంగా కేటాయించి ఉంచేదైతే, ఆ చోటుకు కట్టే కెపాసిటీ ఛార్జీ సాధారణంగా మొత్తం 10,000 మీదా పడుతుంది, వాడినా వాడకపోయినా.