ఆ "లెగవే"ని కొట్టెయ్యకు

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరి పది రోజులైంది. ఎనిమిది నెలలుగా ఒకే కథకి మొదటి పేజీ రాస్తున్నానని, రాసిందల్లా చింపేస్తున్నానని, మంచి కథ ఏది చదివినా ఆ తర్వాత పెన్ను పట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంటోందని రాశావు. దానికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది నువ్వు చెప్పని ఇంకో సంగతి. నువ్వు పంపిన పేరాలో, గుమ్మడి వడియాలు పెట్టే రోజు తెల్లవారుజామున అమ్మమ్మ నిన్ను నిద్ర లేపుతుంది. "లెగవే, కాకులొచ్చేత్తాయి" అంటుంది. ఆ "లెగవే" మీద గీత కొట్టి, పైన "లేవవే" అని దిద్దావు.

నీ కథ ఆ గీత దగ్గరే ఆగిపోయిందమ్మా.

ఇంగ్లీషు మీడియంలో చదివాను, నా తెలుగు సరైనది కాదేమో అని నీ భయం. ల రాయాలో ళ రాయాలో, న దగ్గర ణ పడిందేమో, ఒత్తు తప్పిందేమో అని ప్రతి మాట దగ్గరా ఆగుతున్నావు. అక్షరదోషాలు దిద్దడానికి నిఘంటువు ఉంది, పత్రికలో ప్రూఫులు చూసేవాళ్లు ఉన్నారు, నేనున్నాను. మీ అమ్మమ్మ నోటి మాట మాత్రం నువ్వు రాయకపోతే ఇంకెవరూ రాసి పెట్టలేరు. "లేవవే" అనే ఆవిడ ఎవరో నాకు తెలీదు. "లెగవే" అన్నావిడ డాబా మీద పాత చీర పరుస్తూ నాకు కనిపించింది.

నేనూ ఒక కథని నాలుగేళ్లు ట్రంకుపెట్టెలో ఉంచాను. మా ఊరి చెరువుకి గండి పడిన రాత్రి కథ. మొదటి వాక్యం గొప్పగా రావాలని ఎన్ని కాగితాలు ఖర్చుచేశానో. ఆ రాత్రి లాంతరు పట్టుకుని కట్ట మీదికి వెళ్లినవాళ్లలో మా పెద్దమ్మ ఒకత్తి. ఈలోగా ఆవిడ పోయింది. కర్మకాండలు అయ్యాక కూర్చుని మూడు రాత్రుల్లో చివరిదాకా రాసేశాను. అప్పుడు తెలిసింది, అసలు కథ మూడో పేజీలో మొదలవుతోందని. నాలుగేళ్లు నేను చెక్కిన ఆ రెండు పేజీలూ కథకి అక్కర్లేదు. ఆ సంగతి చివరి పేజీ రాశాకే తెలుస్తుంది, ముందు తెలిసే దారి లేదు. పేజీలు పోయినందుకు బాధ లేదు. గండి పూడ్చడానికి మొదట ఏం అడ్డం వేశారో పెద్దమ్మని అడగలేదే అన్నది మాత్రం ఇప్పటికీ బాధే.

గురజాడ వారి సంగతి చూడు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. ఆయన అక్కడితో ఆగలేదు. దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి, 1909లో మళ్లీ అచ్చువేశారు. ఈరోజు మనం చదివేది, మాట్లాడుకునేది ఆ రెండోదే. మనకింత ఇష్టమైన మధురవాణికి మొదటిదాంట్లో ఇంత చోటు లేదు. రాసి, ఆడించి, అచ్చువేసి, పదేళ్లకు పైగా జనంలో ఉంచిన నాటకంలోంచి ఆవిడ ఇంతగా ఎదిగింది. అదీ జనం మాట్లాడుకునే భాషలో రాసిన నాటకం. ఆ నేల మీద కథలు రాయబోతూ నువ్వు "లెగవే"కి సిగ్గుపడకూడదు.

ఇక పని సంగతి. లాప్‌టాప్ పక్కన పెట్టు. అందులో చెరపడం మరీ సులువు. రూళ్ల నోట్‌బుక్ ఒకటి కొనుక్కో, రోజూ ఒక పేజీ రాయి, నిన్నటి పేజీ తిప్పి చూడకు. ఎక్కడైనా మాట తోచకపోతే "ఇక్కడ మావయ్య వచ్చి ఏదో అంటాడు" అని రాసేసి ముందుకెళ్లు. నా చిత్తుప్రతుల నిండా ఇప్పటికీ అలాంటివే. కథ అయిపోయాక రెండు వారాలు దాని జోలికి పోకు. తర్వాత గట్టిగా, బయటికి వినపడేలా చదువు. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ దిద్దు. ఇంతకు మించిన పద్ధతి నాకు తెలీదు.

నువ్వు చదివిన గొప్ప కథలతో నీ పేజీని పోల్చుకోవడం మాత్రం న్యాయం కాదు. వాళ్లు కొట్టేసిన పేజీలు నీకు ఎవరూ చూపించలేదు కదా.

ఈ వేసవిలోనూ అమ్మమ్మ వడియాలు పెడుతుందని రాశావు. సెలవు పెట్టి వెళ్లు. ముందురోజు రాత్రి గుమ్మడి ముక్కలు మూటకట్టి బరువు పెట్టేటప్పుడు పక్కనే కూర్చో. ఆవిడ ఏమంటే అది, ఎలా అంటే అలా రాసుకో. ఆ పాత చీర ఎప్పటిదో కూడా అడుగు. "ఆ చీర..." అని మొదలుపెట్టి ఆ వాక్యం నువ్వు పూర్తి చెయ్యలేదు, అది నాకు తెలుసుకోవాలని ఉంది.

ఊరి నుంచి వచ్చిన నెలలోపు కథ మొత్తం నాకు పంపు. ఖాళీలున్నా, తప్పులున్నా సరే, నోట్‌బుక్‌లో ఎలా ఉంటే అలాగే పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాష్టారు