కీళ్లవాతం అదుపులో ఉన్నా మంటలు, తిమ్మిర్లు ఎందుకు?

ప్రశ్న: నా వయసు 47. సొంతూరు హిందూపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. కీళ్లవాతానికి (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఆరేళ్లుగా వారానికోసారి మెథోట్రెక్సేట్, ఏడాదిగా లెఫ్లునమైడ్ వాడుతున్నాను. వాపులు తగ్గాయి. ఈఎస్ఆర్, సీఆర్‌పీ నార్మల్. అయినా కొన్ని వారాలుగా అరికాళ్లలో మంట, రాత్రిళ్లు చేతుల్లో తిమ్మిర్లు. రిపోర్టులు బాగున్నాయి కాబట్టి ఇదంతా భ్రమ అంటున్నారు ఇంట్లో. మెడికల్ షాపులో ప్రీగాబలిన్, బి12 కలిసిన మాత్రలు ఇచ్చారు. వాడవచ్చా? రోజూ స్కూటర్ మీద ఆఫీసుకు వెళ్తాను.
– ఒక పాఠకురాలు

సలహా: భ్రమ కాదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఒంట్లో వాపు ఎంత ఉందో చెబుతాయి తప్ప నొప్పి ఎంత ఉందో చెప్పవు. నరాల సంగతి వాటికి అందదు. కీళ్లవాతం నొప్పి పొద్దున బిగుసుకుపోయి, కదిలిన కొద్దీ సడలుతుంది. నరం నొప్పి తీరు వేరు: మంట, సూదులు గుచ్చినట్లుండటం, కరెంటు కొట్టినట్లు జివ్వుమనడం, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోవడం. ఇలాంటి నొప్పికి మెథోట్రెక్సేట్ పెంచినా, పెయిన్‌కిల్లర్లు మింగినా ఒరిగేది పెద్దగా ఉండదు. కడుపుకు, కిడ్నీలకు చేటు మాత్రం మిగులుతుంది.

మీ చేతుల బాధకూ కాళ్ల బాధకూ కారణం ఒకటే కాకపోవచ్చు. తిమ్మిరి ఏ వేళ్లకు వస్తోందో ఈ రాత్రి గమనించండి. చిటికెన వేలును వదిలేసి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారుతుంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతోందని అనుమానించాలి. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మెలకువ వచ్చి చేయి విదిలిస్తే హాయిగా అనిపించడమూ దీని గుర్తే. పైకి కనిపించని కొద్దిపాటి వాపు చాలు, ఆ ఇరుకు దారిలో నరాన్ని నొక్కడానికి. రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకుంటే కొన్ని వారాల్లో చాలామందికి ఉపశమనం వస్తుంది. గుండీలు పెట్టుకోవడం కష్టమవుతున్నా, బొటనవేలి మొదట్లో కండ తగ్గినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

అరికాళ్ల మంటకు నా మొదటి అనుమానం లెఫ్లునమైడ్ మీద. ఈ మందు కొందరిలో కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది. త్వరగా పసిగట్టి ఆపితే కోలుకునే అవకాశం ఎక్కువ. మీ అంతట మీరు ఆపకుండా ఈ వారమే మీ రుమటాలజిస్టుతో మాట్లాడండి, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగవద్దు. షుగరు, థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా చేయించాలి. మెథోట్రెక్సేట్‌తో ఫోలిక్ యాసిడ్ వేసుకుంటూ ఉంటారు కదా, బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనతను అది కప్పేయగలదు. హిమోగ్లోబిన్ బాగుందని ధీమా పడవద్దు. ముందు జాగ్రత్తగా బి12 మాత్రలు మొదలుపెడితే రక్తపరీక్ష ఫలితం తారుమారవుతుంది కాబట్టి రక్తం ఇచ్చాకే వేసుకోవాలి.

నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష అవసరం కావచ్చు. అది నార్మల్ వచ్చినంత మాత్రాన కథ ముగిసినట్లు కాదు, సన్నని నరాల దెబ్బ అందులో కనిపించదు. ఏళ్ల తరబడి నొప్పి పడ్డవారిలో మెదడు, వెన్నుపాము నొప్పిని హెచ్చించి చూపడం కూడా ఉంటుంది. దానికీ వైద్యం ఉంది. ఇంట్లోవారికి ఈ ముక్క చదివి వినిపించండి.

ఒక పాదం హఠాత్తుగా వాలిపోయి చెప్పు జారిపోతున్నా, మెడ నొప్పితో పాటు కాళ్లు తూలుతున్నా, మూత్రం మీద అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తనాళాల వాపు, మెడ ఎముకలు పక్కకు జరగడం లాంటివి కీళ్లవాతంలో అరుదే అయినా ప్రమాదకరం.

ఇక షాపు మాత్రలు. ప్రీగాబలిన్ నరాల నొప్పికి పనికొచ్చే మందే, కానీ డాక్టర్ చీటీ లేకుండా వాడేది కాదు. కిడ్నీల పనితీరును బట్టి డోసు నిర్ణయించాలి. కాళ్లకు నీరు చేరవచ్చు, దాన్ని చూసి కీళ్లవాతం తిరగబెట్టిందని కంగారుపడేవాళ్లను చూస్తుంటాం. మగత, కళ్లు తిరగడం మొదట్లో ఎక్కువ. మీ డాక్టర్ ఆ మందే రాస్తే, అది మీకు ఎలా పడుతుందో తెలిసేదాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద స్కూటర్ వద్దు, బస్సులోనో ఆటోలోనో వెళ్లండి. కొన్నాళ్లు వాడాక ఒక్కసారిగా మానేయకూడదు, డోసు మెల్లగా తగ్గించాలి.

– రుమటాలజిస్టు, బెంగళూరు