స్ప్లెండర్‌ను ముందు పోనివ్వండి

ప్రశ్న: అన్నా, మేం ఏడుగురు స్నేహితులం. సంక్రాంతి అయ్యాక తిరుపతి నుంచి పుదుచ్చేరికి బైకుల మీద వెళ్లాలని, ఈసీఆర్ (చెన్నై నుంచి తీరం వెంట పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద సముద్రం పక్కన బండి నడపాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాం. అందరివీ 350 సీసీ బండ్లు. నాది మాత్రం నాన్న ఇచ్చిన స్ప్లెండర్. ‘నువ్వు మమ్మల్ని అందుకోలేవు, బండి ఇంట్లో పెట్టి వెనక కూర్చో’ అంటున్నారు. నాకు నా బండి మీదే రావాలని ఉంది. చెన్నై మీదుగా వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తమ్ముడూ, నీ బండి మీదే వెళ్లు. పోనూరానూ 500 కిలోమీటర్ల పైచిలుకు స్ప్లెండర్‌కు పెద్ద పనేం కాదు. చైన్ సాకెట్, బ్రేకులు, క్లచ్ కేబుల్ ఒకసారి చూపించు. ట్యూబ్ టైర్లయితే కొత్త ట్యూబు ఒకటి వెంట ఉంచుకో.

బయల్దేరే ముందే ఏడుగురూ ఒక మాట అనుకోండి. స్ప్లెండర్ ఎంత స్పీడులో పోతే అందరూ అంతే. ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 15 ఏళ్ల కిందట మేం ఐదుగురం ఇదే రోడ్డులో వెళ్లాం. మరక్కాణం ఉప్పు మడుల దగ్గర చివరివాడి టైరు పంక్చరైంది. మేం చూసుకోలేదు. గాలికి హుషారెక్కి పోతూనే ఉన్నాం. పుదుచ్చేరిలో టీకి ఆగి చూస్తే నలుగురమే. వాడు మిట్టమధ్యాహ్నం ఎండలో, నీడన్నదే లేని చోట, ఒక్కడే బండి తోసుకుంటూ వస్తున్నాడు. వెనక్కి వెళ్లి కలిస్తే ఒక్క మాట కూడా అనలేదు. ఆ మొహం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి ఎవరితో వెళ్లినా నేను చివర్లోనే నడుపుతాను.

అందుకే నిన్ను ముందు పెట్టమను. మీలో బాగా నడిపేవాడు చివర్లో ఉండాలి, పంక్చర్ కిట్ అతని దగ్గరే ఉండాలి. ప్రతివాడూ వెనక బండి అద్దంలో కనిపిస్తోందా అని చూసుకోవాలి, కనబడకపోతే స్పీడు తగ్గించాలి. పక్కపక్కన కబుర్లాడుతూ నడపొద్దు. ఒకరు కాస్త ఎడమగా, తర్వాతివాడు కాస్త కుడిగా, మధ్యలో కనీసం రెండు సెకన్ల ఎడం, అంటే ముందు బండి దాటిన చోటికి రెండు సెకన్ల తర్వాతే చేరాలి.

చెన్నై వద్దు. సిగ్నళ్ల దగ్గర గుంపు చెదిరిపోతుంది, ఊరు దాటేదాకా టెన్షనే. రేణిగుంట, పుత్తూరు, నగరి మీదుగా తిరుత్తణి వెళ్లి, అక్కణ్నుంచి అరక్కోణం, కాంచీపురం, చెంగల్పట్టు దారిలో మహాబలిపురం చేరండి. చీకట్లో మాత్రం బయల్దేరొద్దు, సంక్రాంతి రోజుల్లో చెరకు ట్రాక్టర్లు వెనక లైట్లు లేకుండా పోతుంటాయి. టిఫిను కాంచీపురంలో చేయొచ్చు.

మహాబలిపురం నుంచి పుదుచ్చేరి సుమారు 95 కిలోమీటర్లు. దారి పొడవునా సముద్రం కనిపిస్తుందని ఆశ పెట్టుకోకండి, చాలాచోట్ల సరుగుడు తోటలు అడ్డం వస్తాయి. కానీ కల్పాక్కం దాటాక పాలారు వంతెన వస్తుంది. మన కుప్పం వైపు నుంచి పోయిన ఏరు సముద్రంలో కలిసేది ఆ దగ్గర్లోనే. వంతెన మీద ఆపకుండా, దాటాక బండి పక్కకు తీసి కాసేపు చూడండి. నాకైతే ఆ రోడ్డులో అన్నిటికంటే ఇష్టమైన చోటు అది. ఆ తర్వాత కడపాక్కం దగ్గర ఆలంపరై కోట శిథిలాలున్నాయి, అక్కడా ఆగండి. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి ఎడమ పక్క నుంచి తోస్తుంది. నీ బండి తేలిక కాబట్టి నీకే ముందు తెలుస్తుంది. హ్యాండిల్ బిగబట్టకుండా స్పీడు తగ్గించు.

ప్రశ్న: మా అబ్బాయి ఇలాగే స్నేహితులతో బండ్ల మీద పుదుచ్చేరి పోతానంటున్నాడు. నాకు అక్కడి మందు గురించే భయం. వద్దంటే చెప్పకుండా పోతాడేమో!
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ భయంలో తప్పేం లేదు. పోనివ్వండి, కానీ ఒక్క మాట తీసుకోండి. సాయంత్రం గది చేరాక బండి తాళాలన్నీ తాగని ఒకరి దగ్గర ఉండాలి. రాత్రి తాగినది తెల్లారి బండెక్కేసరికి దిగకపోవచ్చు కూడా. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమే. మొదటిసారి పట్టుబడినా 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. వెనక కూర్చునేవాడికీ హెల్మెట్ ఉందో లేదో మీరే చూడండి. ఆగిన చోటల్లా ఫోన్ చేయమనండి. మీరై మీరు మాత్రం చేయకండమ్మా. ఫోన్‌లో మీ పేరు కనబడితే, బండి నడుపుతున్నా ఎత్తకుండా ఉండలేడు.