విసిరే చెయ్యి ఆగాక చూసే కన్ను

చిరంజీవికి ఆశీస్సులు.

వచ్చే స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సాధన) నుంచి బేస్‌బాల్ మైనర్ లీగ్‌లో కింది మెట్టయిన సింగిల్-ఏ జట్టులో, బంతి విసిరే పిచర్లకు కోచ్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఇన్నేళ్లు మౌండ్ మీద, అంటే పిచర్ నిలబడి విసిరే మట్టి దిబ్బ మీద, నిలబడ్డవాడివి, ఆట గురించి నీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఉద్యోగం మాత్రం పూర్తిగా కొత్తది, అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, నువ్వు బంతి ఎలా విసిరేవాడివో కుర్రాళ్లకు నేర్పకు. నీ చెయ్యి నీకు చెప్పింది ఒకటి, నిజంగా జరిగింది ఇంకొకటి. కర్వ్‌బాల్ (వంపు తిరిగి కిందికి పడే బంతి) వేసేటప్పుడు తలుపు గుబ్బ తిప్పినట్టు అరచేతిని లోపలికి తిప్పానని పాతకాలపు పిచర్లందరూ చెప్పేవారు. హై-స్పీడ్ కెమెరా పెట్టి చూస్తే, బంతి వదిలాక ముంజేయి బయటికే తిరుగుతుంది. ఫాస్ట్‌బాల్‌కీ అంతే, కర్వ్‌కీ అంతే. ముందు కాలు నేలకు తగిలిన దగ్గర్నుంచి బంతి వదిలేదాకా పట్టే సమయం సెకనులో ఆరో వంతో ఏడో వంతో. ఆ లోపల భుజం లోపలికి తిరిగే వేగం సెకనుకు 7,000 డిగ్రీల దాకా వెళ్తుంది. అంత వేగంలో ఏం చేశావో నీకే తెలియదు, కుర్రాడికి ఎలా చెబుతావు?

అందుకే మొదటి రెండు వారాలు ఎవరి చేతినీ మార్చకు. చూడు, రాసుకో, వీడియో తియ్యి. ఫోన్ కెమెరాలో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ చాలు. కుడిచేతి పిచర్ అయితే థర్డ్ బేస్ వైపు (బ్యాటర్‌ను చూస్తున్న పిచర్‌కు కుడి పక్క), అతని నడుము ఎత్తులో, స్టాండ్ మీద ప్రతిసారీ ఒకే చోట పెట్టు. చోటు మారితే రెండు వీడియోలను పోల్చలేవు. ముందు పాదం పూర్తిగా నేలమీద ఆనిన ఫ్రేము దగ్గర ఆపు. అక్కడ మూడే చూడు: బంతి ఉన్న చెయ్యి చెవి ఎత్తుకు వచ్చిందా, ఛాతీ ఇంకా థర్డ్ బేస్ వైపే ఉందా, పాదం ప్లేటు (బ్యాటర్ పక్కన నిలబడే పలక) వైపు నేరుగా పడిందా.

కాలు దిగేసరికి ఛాతీ అప్పుడే బ్యాటర్ వైపు తిరిగిపోయి, చెయ్యి ఇంకా కిందే ఉంటే, చెయ్యి ఆలస్యమైందన్నమాట. అప్పుడు బంతి ఎత్తుగా, అతను విసిరే చేతి వైపుకి, అంటే కుడిచేతి బ్యాటర్ ఒంటి మీదకి పోతుంది. అనుభవం లేని కోచ్ ఇక్కడే ‘బంతి పైకి పోతోంది, కిందికి వెయ్యి’ అంటాడు. కుర్రాడు మాట విని మణికట్టు ముందుకు విరుస్తాడు, తర్వాతి బంతి ప్లేటుకు ముందే నేలకు కొడుతుంది. తప్పు మణికట్టులో లేదు, తొందరపడి తెరుచుకున్న తుంటిలో ఉంది. గ్లవ్ ఉన్న భుజాన్ని కాలు దిగేదాకా క్యాచర్ వైపే ఉంచమని చెప్పు. అది కూడా మౌండ్ మీద వద్దు. చదును నేలమీద 45 అడుగుల దూరంలో, సగం బలంతో, పది బంతులు చాలు. ఒక వారంలో ఒక్క మార్పే చెయ్యి. రెండు మారిస్తే ఏది పనిచేసిందో నీకూ తెలియదు, వాడికీ తెలియదు.

ఇక నొప్పి సంగతి. ఈ ఉద్యోగంలో ఇంతకంటే పెద్ద పని లేదు. ‘చెయ్యి బావుందా?’ అని అడిగితే ప్రతి పిచరూ ‘బావుంది’ అనే అంటాడు, నువ్వూ అలాగే అనేవాడివి. ‘ఎక్కడ పట్టేసింది, వేలు పెట్టి చూపించు’ అని అడుగు. భుజం వెనక కండ అంతా చేత్తో తడిమి చూపిస్తే మామూలు అలసట, రెండో రోజుకు తగ్గుతుంది. మోచేయి లోపలి వైపు ఒక్క చోట వేలు పెట్టి చూపించినా, వార్మప్ అయ్యాక కూడా ముంజేయి లోపలి కండ వదలకపోయినా, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయన్నా, ఆ నిమిషమే బంతి తీసుకుని, కుర్రాణ్ణి ట్రైనర్‌కు (గాయాలు చూసే మనిషికి) అప్పగించు. ఇంకో ఇన్నింగ్స్ చూద్దామనుకోకు.

1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ పిచర్ టామీ జాన్ మోచేతికి కొత్త లిగమెంట్ (ఎముకలను కలిపే పట్టీ) వేశాడు. జాన్ 1976లో తిరిగొచ్చి ఇంకో 164 ఆటలు గెలిచాడు. అందరూ ఆ కథే గుర్తుపెట్టుకుంటారు. అదే ఆపరేషన్ చేయించుకున్న రెండో పిచర్ బ్రెంట్ స్ట్రామ్. అతను మళ్లీ మేజర్ లీగ్‌లో బంతి వెయ్యలేదు. తర్వాత కోచ్ అయ్యి, 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు వాళ్ల పిచింగ్ కోచ్‌గా ఉన్నాడు. ఈ రెండో కథ కూడా నీ కుర్రాళ్లకు చెప్పు. ఆపరేషన్ అంటే బండికి టైరు మార్చినట్టు అనుకుంటున్నారు. ఏడాది నుంచి ఏడాదిన్నర పోతుంది, అయినా పాత చెయ్యి వస్తుందన్న హామీ లేదు.

బుల్‌పెన్‌కు (పిచర్లు సాధన చేసే చోటికి) కాగితం మీద ప్లాన్ రాసుకుని వెళ్లు. మైనర్ లీగ్‌లో సోమవారం సెలవు, మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో 6 ఆటలు కాబట్టి, నీ స్టార్టర్‌కు (ఆట మొదలుపెట్టే పిచర్‌కు) వారానికొక ఆట పడుతుంది. ఆట అయిన మూడో రోజు 30 బంతులు వేయించు. గ్లవ్ ఉన్న చేతి వైపు కింద మూలకి 5 ఫాస్ట్‌బాల్స్, విసిరే చేతి వైపు మూలకి 5, ఛేంజప్ (ఫాస్ట్‌బాల్‌లా కనిపించి నెమ్మదిగా వచ్చే బంతి) 6, కర్వ్ లేదా స్లైడర్ (పక్కకు తిరిగే బంతి) 6. చివరి 8 బంతులకు ప్లేటు పక్కన ఎవరినైనా బ్యాట్ పట్టుకుని నిలబెట్టి, బేస్ మీద రన్నర్ ఉన్నట్టు సెట్ పొజిషన్ నుంచి, అంటే కదలకుండా ఆగి, వేయించు. కుర్రాడు ‘ఇంకొక్కటి, బాగా పడేదాకా’ అంటాడు. ఆ ఇంకొక్కటి 50 దాకా పోతుంది. 30 దగ్గర ఆపెయ్. కోచ్ లియో మాజోనీ అట్లాంటా బ్రేవ్స్ జట్టులో పేరున్న పిచర్లు మాడక్స్, గ్లావిన్, స్మోల్జ్‌లను ఆటల మధ్య ఒకసారి కాకుండా రెండుసార్లు మౌండ్ ఎక్కించేవాడు, కానీ బలం తగ్గించి. అతను మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వెయ్యని మనిషి. అది గుర్తుంచుకుంటే, వెయ్యని కోచ్‌లను చిన్నచూపు చూడబుద్ధి కాదు.

ఛేంజప్ గురించి ఒక మాట. బంతిని వేళ్ల చివర కాకుండా అరచేతిలోకి లోతుగా పట్టుకోమను, మిగతాది ఆ పట్టే చూసుకుంటుంది. ఫాస్ట్‌బాల్ కంటే గంటకు 8 నుంచి 10 మైళ్లు తగ్గితే చాలు. చెడేది ఎక్కడంటే, కుర్రాడు చేతినే నెమ్మది చేస్తాడు. బ్యాటర్‌కు అది కనిపించిపోతుంది. పక్కనుంచి వీడియో తీసి రెండు బంతుల్లో చెయ్యి ఊపు పక్కపక్కన పెట్టి చూపిస్తే, చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

మౌండ్ దగ్గరికి నడిచి వెళ్లే పనిని తేలిగ్గా తీసుకోకు. మేజర్ లీగ్‌లో 2024 నుంచి ఆటకు 4 సార్లే అనుమతి. ఒకే ఇన్నింగ్స్‌లో ఒకే పిచర్ దగ్గరికి రెండోసారి వెళ్తే అతన్ని మార్చాల్సిందే. నీ లీగ్ లెక్క ఎంతో ముందే అడిగి తెలుసుకో. ఉన్నది 30 సెకన్లు. అక్కడ మోచేయి, తుంటి అనే మాటలే రానివ్వకు. ‘ఇతను మొదటి బంతికే ఊపుతాడు. ఛేంజప్ కింద వెయ్యి. నేలబారుగా కొడితే రెండు ఔట్లు.’ అంతే, వెనక్కి వచ్చెయ్. అలసిపోయినవాడిని లెక్క కంటే ముందు కన్నే పట్టుకుంటుంది: బంతికీ బంతికీ మధ్య రబ్బరు (మౌండ్ మీద పాదం ఆనించే పట్టీ) చుట్టూ తిరగడం ఎక్కువవుతుంది, తప్పే బంతులన్నీ పైకే పోతాయి, బంతి వదిలాక ముందు మోకాలు మెత్తబడి కూలుతుంది. వీటిలో రెండు కనిపిస్తే రిలీవర్‌ను (బదులు దిగే పిచర్‌ను) లేపు.

సెలవుల్లో మనవాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పమని టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచో, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచో అడుగుతారు. చెప్పు, కానీ ముందు తండ్రితో కూర్చో. క్రికెట్ చూసి పెరిగినవాడు కాబట్టి ‘చెయ్యి వంచకు’ అంటాడు. బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి చాపకూడదన్నది క్రికెట్ రూలు. ఇక్కడ వంగిన మోచేతి నుంచే బలం వస్తుందని ఓపిగ్గా వివరించు. లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) లెక్కలు కాగితం మీద రాసి చేతిలో పెట్టు. రోజుకు 9-10 ఏళ్లవాళ్లకు 75 బంతులు, 11-12కు 85. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే 4 రోజులు విశ్రాంతి. రెండు జట్లకు ఆడితే రెండూ కలిపే లెక్క, చెయ్యి ఒకటే కదా. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ మానాలి, అందులో రెండు మూడు నెలలు వరసగా అసలు బంతే విసరకూడదు. ‘మిగతావాళ్లు ఆడుతుంటే మావాడు వెనకబడతాడు’ అంటారు. అక్కడ మెత్తబడకు బాబూ.

ఇంకొకటి, స్పానిష్ నేర్చుకో. నీ పిచర్లలో చాలామంది డొమినికన్ రిపబ్లిక్, వెనిజులాల నుంచి వచ్చినవాళ్లే ఉంటారు. పంతొమ్మిదేళ్ల కుర్రాడు అర్థంకాని భాషలో ‘చెయ్యి నొప్పి’ అని చెప్పలేక నవ్వి ఊరుకుంటాడు. ‘దోందె తె దుయెలె?’, ఎక్కడ నొప్పి? కోదో అంటే మోచేయి, ఓంబ్రో అంటే భుజం. ఈ మూడూ చేరే ముందే నోటికి రావాలి.

మొదటి బుల్‌పెన్ సాధన అయ్యాక పక్కనుంచి తీసిన వీడియో పంపు. ముందు కాలు దిగిన చోట ఆపి ఇద్దరం చూద్దాం.

నీ బాబాయి